మామ వచ్చే వేళ

పిండికట్టు కోసే యంత్రం తేనెతుట్టె కదిపినట్టు రొద చేసింది. నాలుగున్నరేళ్ళ పిల్ల తల్లి మెడను ఉడుంపట్టు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇది చర్మాన్ని కొయ్యదు తల్లీ. చూడు, నా అరచేతి మీద పెట్టుకుంటున్నా" అంటూ కాంపౌండరు నిజంగానే చేతికి ఆనించి చూపించాడు. పిల్ల చూడలేదు. ఆరు వారాల కట్టు రెండు చిప్పలుగా విడిపోయి బల్ల మీద పడింది. లోపలినుంచి బయటపడ్డ కాలు తన బిడ్డదని తల్లికే అనిపించలేదు. సన్నగా, పాలిపోయి, పొట్టు రేగిన చర్మంతో, నీళ్ళలో నానిన పుల్లలా ఉంది. చీలమండ పక్కన మూడు గీతలు ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. మానిపోయినా అచ్చు పోలేదు.

"ఇవేంటండీ?" అని అడిగింది.

కాంపౌండరు పాత కాగితం తిరగేశాడు. "చువ్వలమ్మా. బండి చక్రంలో కాలు పడిందని రాసుందిగా. వెనక కూర్చోబెట్టుకుంటే చిన్నపిల్లలకి ఇదే జరుగుతుంది. నెలకి ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు."

"మెట్ల మీంచి జారిపడిందండీ. మీరు వేరేవాళ్ళ కాగితం చూస్తున్నారేమో."

"ఇదిగో తేదీ, ఇదిగో ఎడమ కాలు. తీసుకొచ్చింది మేనమామ అని కూడా ఉంది" అన్నాడాయన, పిల్ల కాలి మీది పొట్టును తడిగుడ్డతో మెల్లగా అద్దుతూ.

ఆమె ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. డాక్టరు రాత ఆమెకు కోడిగీతలే. ఆరు వారాలుగా అది ఇంట్లో బీరువాలోనే ఉంది. ఒక్కనాడైనా ఎవరిచేతా చదివించుకోలేదు. ఎందుకు చదివించుకుంటుంది? జరిగింది చెప్పినవాడు సొంత తమ్ముడు. తోడబుట్టినవాడి మాటకు సాక్ష్యం ఎవరడుగుతారు?

ఆమెది కర్టెన్ల దుకాణంలో కుట్టుపని. పిల్ల మంచాన పడ్డాక ఆ పని ఇంటికే తెచ్చుకుని కుడుతోంది. కాలు విరిగిన రోజు పొద్దున ఎనిమిదింటికల్లా మెట్లు కడిగేసి పనికి వెళ్ళిపోయింది. పిల్లను బడిలో దింపడం తమ్ముడి వంతు. వాడికి వీధి మలుపులో చిన్న బడ్డీ ఉంది. తాళంచెవులు చేస్తాడు. మేనకోడలంటే ప్రాణం. ఉన్నచోట ఉండకుండా గిరగిరా తిరుగుతుందని దానికి బొంగరం అని పేరు పెట్టింది వాడే. గంట తిరక్కుండానే దుకాణానికి ఫోను వచ్చింది. "అక్కా, బొంగరం మెట్ల మీద జారింది. తడిగా ఉన్నాయి కదా..." ఆమె పరుగున ఆస్పత్రికి వెళ్ళేసరికి కాలికి కట్టు వేసేసి ఉంది. పిల్ల మందుమత్తులో నిద్రపోతోంది.

తడిగా ఉన్నాయి కదా. ఆ ఒక్క ముక్కతో వాడు బయటపడ్డాడు, ఆమె ఇరుక్కుంది.

అత్తగారు ఆ నలభై రెండు రోజులూ నోటికి తాళం వెయ్యలేదు. "కడిగే చేతికి తుడవాలని తెలియదా? ఆవిడగారి శుభ్రం పిల్ల కాలు తీసింది" అని వచ్చినవాళ్ళందరికీ ఒప్పచెప్పేది. అచ్చుయంత్రాల దగ్గర పనిచేసే భర్త ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అత్తగారి మాటకన్నా లోతుగా దిగింది. ఇక ఆమె తనను తాను అనుకున్న మాటలకు లెక్కే లేదు. ఒక్కో మెట్టూ మోకాళ్ళ మీద కూర్చుని పొడిగుడ్డతో రెండేసిసార్లు తుడిచేది. తుడుస్తూ ఏడ్చేది.

ఇదంతా తమ్ముడు చూశాడు. వచ్చి కూర్చుని, వాళ్ళింట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ ఒకరోజు ఏమన్నాడో ఆస్పత్రి బల్ల పక్కన నిలబడ్డ ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. "పోనీలెండి అత్తయ్యగారూ, పాపం అక్క కావాలని చేసిందా?"

వాడు చేసిన తప్పుకు తనని క్షమించాడు, మహానుభావుడు! ఒళ్ళంతా కారం రాసినట్టయింది ఆమెకు.

పక్కగదిలో వ్యాయామం చేయించే మేడమ్ పిల్ల పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని చూపించింది. "చీలమండ బిగుసుకుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి, పాదాన్ని ఇలా మెల్లగా పైకి వంచి, పది లెక్కపెట్టి వదలండి. ఏడుస్తుంది. నొప్పికన్నా భయమే ఎక్కువ. అందుకని ఆటలా చేయించండి, మధ్యమధ్య ఆపండి, కబుర్లు చెప్పండి. బలవంతంగా నిలబెట్టకండి. రెండు మూడు వారాల్లో అదే లేస్తుంది."

"ఆటలా" అని తల ఊపింది ఆమె.

తిరిగొచ్చే బస్సులో పిల్ల ఒళ్ళో పడుకుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఇంటికెళ్ళి చెప్పెయ్యొచ్చు. చెప్తే ఏమవుతుంది? మొదటిరోజు తిట్లు, రెండోరోజు కన్నీళ్ళు, మూడోరోజు భోజనాలు. వాడు కాళ్ళ మీద పడతాడు, భర్త భుజం తడతాడు, అత్తగారు "కుర్రాడు, భయపడ్డాడు" అంటుంది. తన నలభై రెండు రోజులు గాలికి పోతాయి. వద్దు. అంత చవగ్గా వదలకూడదు. వాడికి ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఏది? వాడి గొంతు వింటే చాలు, ఈ పిల్ల పొంగిపోయే పొంగు. దాన్ని వాడి చేత్తోనే పోగొట్టించాలి.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిల్ల "మామా!" అని రెండు చేతులూ చాచింది.

"తమ్ముడూ" అంది ఆమె, తేనె పూసిన గొంతుతో. "దీనికి నువ్వంటే ప్రాణం. నేను చేయిస్తే మొండికేస్తుంది. రోజూ సాయంత్రం ఐదింటికి వచ్చి ఈ వ్యాయామం నువ్వే చేయించాలి. మేడమ్ గట్టిగా చెప్పింది, ఆటలూ పాటలూ కుదరవట. ఏడ్చినా వదలకూడదట. వదిలితే కాలు కుంటిదై పోతుందట."

వాడు ఆమె మొహంలోకి ఒక క్షణం చూశాడు. "సరే అక్కా" అన్నాడు.

మర్నాటినుంచి పని రెండుగా విడిపోయింది. గోరువెచ్చని నీళ్ళ తొట్టీ, నీళ్ళలో తేలే ప్లాస్టిక్ బాతూ, కథలూ, బిస్కెట్టూ, మెత్తటి తువ్వాలూ తల్లివి. ఐదు కొట్టగానే పాదం వంచడం, ఆపకుండా పదేసి లెక్కపెట్టడం, చంకల కింద చేతులు వేసి గోడవారన నిలబెట్టడం మామవి. ఎముకకు హాని జరగనిచ్చేంతగా ఆమెకు మతి పోలేదు. వాడి చెయ్యి ఎంతవరకూ వెళ్తోందో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఓరకంట చూస్తూనే ఉండేది. కానీ పిల్ల "ఆపు మామా, ఆపు" అని ఏడిస్తే, వాడు బిక్కమొహంతో ఇటు తిరిగితే, "ఆపకు తమ్ముడూ. ఇంకా ఆరే అయ్యాయి" అనేది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మొదటి రెండు రోజులూ పిల్ల ఏడ్చాక కూడా మామ మెడ పట్టుకునే పడుకుంది. మూడోరోజు పట్టుకోలేదు. ఐదోరోజు వాడి జేబులో తాళంచెవుల గుత్తి గలగల వినపడగానే మిషను బల్ల కింద కర్టెన్ గుడ్డల్లోకి పాకి దాక్కుంది. వాడు మోకాళ్ళ మీద వంగి "బొంగరం, ఎక్కడున్నావే?" అని పిలిస్తే, ఇదివరకైతే నవ్వు ఆపుకోలేక దొరికిపోయేది. ఇప్పుడు ఊపిరి బిగబట్టింది.

వాడు వెళ్ళాక ఆమె పిల్లకు మొహం తుడుస్తూ అడిగేది. "నొప్పి పెట్టిందెవరమ్మా?"

"మామ."

"రేపు కూడా వస్తాడుగా."

పిల్ల కింది పెదవి వణికేది. ఆమె పిల్లను దగ్గరికి తీసుకునేది, తను తుడిచిన మెట్లు గుర్తుకు రాగానే బిస్కెట్టు చేతికిచ్చి లేచిపోయేది. ఎనిమిదోరోజు పిల్ల వాడి మొహం మీదే "నువ్వు చెడ్డోడివి. మా ఇంటికి రాకు" అంది. వాడు తలొంచుకుని లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆ సాయంత్రం ఆమె ఎనిమిది గజాల కర్టెన్‌కు అంచు కుట్టింది. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. చాలా రోజుల తరవాత ఆకలేసింది కూడా.

అత్తగారికి ముసలితనం వచ్చింది గాని కళ్ళకు రాలేదు. పదోరోజు ఆవిడ గుమ్మంలో చేరబడి అడిగింది. "ఏమ్మా, పొద్దున నువ్వు నీళ్ళ తొట్టిలో ఆడిస్తూ అదే పాదం వంచితే పిల్ల నవ్వింది. సాయంత్రం వాడు వంచితే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. ఏం కుడుతున్నావు నువ్వు?"

"కర్టెన్లు అత్తయ్యా."

"నా చెవిలో పువ్వు పెట్టకు. వాడి మీద నీకేదో ఉంది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నట్టు, తమ్ముడి మీద కోపం పిల్ల కాలి మీద తీరుస్తావా?"

"మీ మీదా ఉంది నాకు. దానికి ఏ దుత్తా పగలగొట్టలేదుగా" అంది ఆమె. పెళ్ళయిన ఏడేళ్ళలో అత్తగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

పన్నెండోరోజు సాయంత్రం పిల్ల నేల మీద కూర్చుని దారం ఉండలను రంగులవారీగా పేరుస్తోంది. అత్తగారు కూరగాయలు తరుగుతోంది. మామ వచ్చాడు. తాళంచెవుల గుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకునే వచ్చాడు. అయినా పిల్ల చూసింది. బల్ల కిందికి పాకే దారికి వాడే అడ్డంగా ఉన్నాడు. వాడు చెప్పులు విడిచి, మెల్లగా వంగి చెయ్యి చాచాడు.

పిల్ల మిషను కాలు పట్టుకుంది. ఒక చెయ్యి, తరవాత రెండో చెయ్యి. లేచి నిలబడింది. ఎడమ కాలును పక్కకు ఈడుస్తూ ఒక అడుగు వేసింది. మిషను వదిలేసింది. రెండో అడుగు. మూడు. పడబోయి, చేతులు రెండూ గాల్లో ఆడించి, నిలదొక్కుకుని, నాలుగు, ఐదు వేసి నాయనమ్మ వీపు వెనక్కి చేరి ఆవిడ కొంగులో మొహం దాచేసుకుంది.

అత్తగారి చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. వాడు నేల మీద చతికిలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఊగిపోయాడు. "నడిచిందక్కా! ఐదడుగులు వేసింది. చూశావా?"

ఆమె కళ్ళూ నిండాయి. కానీ కన్నీళ్ళకన్నా ముందు మాట వచ్చింది. "నడిచింది. నీకు దొరక్కుండా పారిపోడానికి నడిచిందిరా."

"తెలుసు."

"ఏం తెలుసురా నీకు?"

"చక్రం సంగతి నీకు తెలుసని. కట్టు విప్పిన రోజే తెలిసింది." వాడు మొహం మీది చేతులు తీశాడు. "పుట్టి బుద్ధెరిగాక నన్నెప్పుడైనా తమ్ముడూ అని పిలిచావా నువ్వు? ఒరేయ్, ఏరా, చవటా అన్నావు. ఆవేళ గుమ్మంలో తమ్ముడూ అన్నావు చూడు, అప్పుడే నా గుండె జారింది. ఏదో శిక్ష వేస్తున్నావనుకున్నా. వెయ్యనీ అనుకున్నా. దీనికి నేనంటే పడకుండా పోతుందని రెండోరోజుకే అర్థమైంది. అయినా కాలు బాగవుతుందిగా అని చేశాను."

ఆమెకు మండుకొచ్చింది. తను పన్నెండు రోజులు దాచి దాచి దించిన కత్తిని వాడు తెలిసే మెడ ఒగ్గి తీసుకున్నాడంటే, ఆ దెబ్బలో సగం వాడిదే అయిపోయినట్టుంది. "అంత ధైర్యం ఉన్నవాడివి అప్పుడెందుకు నోరు మెదపలేదు? చెప్పు. ఇదిగో మా అత్తయ్య ఉన్నారు. నాకు కాదు, ఆవిడకి చెప్పు."

వాడు చెప్పాడు. ఆలస్యమవుతోందని పిల్లను బండి వెనక ఎక్కించుకున్న సంగతి, అక్క వద్దని వందసార్లు చెప్పిన సంగతి, బడి మలుపులో చక్రం పట్టేసినట్టయి వెనక్కి చూసిన సంగతి, ఆస్పత్రి వరండాలో వణుకుతూ ఫోను పట్టుకుంటే తడి మెట్లు గుర్తొచ్చిన సంగతి. "ఒక్కరోజుకే అనుకున్నా. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకుంటే..."

అత్తగారు కత్తి కింద పెట్టింది. "నలభై రెండు రోజులు నా నోట పాపం పలికించావు కదరా. నా కోడల్ని నేను అనరాని మాటలంటుంటే, నా చేతి అన్నం తింటూ కూర్చున్నావా? లే. మా అబ్బాయి వచ్చేదాకా అరుగు మీదే కూర్చో. ఇదే ముక్క వాడికీ చెప్పి పో."

వాడు లేచి బయటికి వెళ్ళాడు. ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నీళ్ళు తాగుతావా?" అని మాత్రం అడిగింది. ఆ ఇంట్లో అత్తగారు కోడలికి మంచినీళ్ళు అందివ్వడం అంతకుముందు జరగలేదు.

ఆమె ఆ నీళ్ళు తాగింది. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. వాడి పరువు పోయింది, పిల్ల మనసులోంచి వాడు పోయాడు, తన మీద పడ్డ మచ్చ పోయింది. వెళ్ళి బిడ్డను ఎత్తుకుని "నా బంగారం, నడిచావే" అని ముద్దు పెట్టుకుంది.

పిల్ల ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చింది. "అమ్మా, చక్రం గురించి నేను చెప్పలేదు. మామే చెప్పాడు."

"నువ్వెందుకు చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ?"

"చెప్తే నువ్వు మామని కొడతావుగా. కాలు చక్రంలో పడ్డప్పుడు, అమ్మకి చెప్పకు అని మామ చాలా ఏడ్చాడు. నాకంటే ఎక్కువ." పిల్ల కాస్త ఆలోచించింది. "ఇప్పుడైతే కొట్టు. ఇప్పుడు చెడ్డోడు కదా."

నాలుగున్నరేళ్ళ పిల్ల, కాలు విరిగి, కట్టులో దురద పెట్టి అల్లాడుతూ కూడా, మేనమామను కాపాడుకోడానికి ఆరు వారాలు పెదవి విప్పలేదు. అంత ప్రేమను తను పన్నెండు సాయంత్రాల్లో చిదిమేసింది. చిదిమింది వాడిదనుకుంది. తీరా చూస్తే పిల్లది.

తమ్ముడి మీద కోపం ఆ క్షణంలో కూడా తగ్గలేదు. అదొక దారి, ఇదొక దారి. పిల్లను ఒళ్ళో సర్దుకుని కూర్చుంది. "బొంగరం, ఒకమాట విను. నీకు నొప్పి పెట్టమని మామకి చెప్పింది నేనే. ఆటలా చేయించమని మేడమ్ చెప్పింది. నేనే వద్దని మామకి అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మామ మీద కోపమొచ్చి."

"మరి కాలు నాది కదా?"

పిల్ల ఒళ్ళోంచి జారి, నేల మీద పాకుతూ మళ్ళీ నాయనమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. పాలు నాయనమ్మే పట్టాలంది, జడ నాయనమ్మే వెయ్యాలంది. నీళ్ళ తొట్టి దగ్గర కూడా బాతును అటు తిప్పుకుని కూర్చుంది. తనకు పడాల్సింది తల్లి పడింది.

భర్త బావమరిదిని కొట్టలేదు, తిట్టలేదు. "పిల్ల పిలిస్తే రా. పిలవకపోతే రాకు" అన్నాడు. తరవాతి సెలవురోజు పొద్దున చీపురూ బక్కెట్టూ తీసుకుని మెట్లన్నీ తనే కడిగాడు. ఆమె పైనుంచి చూస్తూ నిలబడింది. "ఆ మూల మురికి అలాగే ఉంది" అని మటుకు అంది.

పిల్ల నెలా పదిహేను రోజులు కుంటింది. ముందు గోడ పట్టుకుని, తరవాత నాయనమ్మ కొంగు పట్టుకుని, తరవాత ఏమీ పట్టుకోకుండా నడిచింది. మడమ నేల మీద ఆనడానికి ఇంకొంచెం ఆలస్యమైంది. వ్యాయామం తల్లే చేయించింది, ఆటలాగే. పది లెక్కపెట్టేటప్పుడు పిల్ల ఏడు దగ్గర "ఆపు" అంటే ఏడు దగ్గరే ఆపింది.

తమ్ముడు బండి అమ్మేశాడు. రోజూ ఐదింటికి బడ్డీ మూసి, వీధికి అవతలివైపు కరెంటు స్తంభం పక్కన కాసేపు నిలబడి వెళ్ళిపోయేవాడు. ఆమె కిటికీలోంచి చూసేది. నిలబడనీ, కాళ్ళు నొప్పెడతాయి, తెలుస్తుంది అనుకునేది. పిలిచేది కాదు, పొమ్మనేది కాదు.

ఒక సాయంత్రం కుట్టిన కర్టెన్ల మూట దుకాణంలో ఇవ్వడానికి బయల్దేరితే పిల్ల కూడా వస్తానంది. మలుపు దగ్గరకు రాగానే తల్లి చెయ్యి వదిలించుకుని బడ్డీ ముందుకు నడిచింది. వాడు ఆకురాయి ఆపేశాడు. చేతిలో సగం చేసిన తాళంచెవి ఉంది.

"నా కాలు ముట్టుకోకూడదు" అంది పిల్ల.

"ముట్టుకోను."

"అబద్ధాలు చెప్పకూడదు. అమ్మకి చెప్పకు అని నాతో అనకూడదు."

"చెప్పను."

"అమ్మ కూడా అబద్ధాలు చెప్పకూడదు" అని వెనక్కి తిరిగి తల్లి వైపు వేలు చూపించింది. మూట పట్టుకుని నిలబడ్డ ఆమె సరేనని తల ఊపింది. అప్పుడు పిల్ల బడ్డీలోకి ఎక్కి, పనికిరాని తాళంచెవుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. మామ ఒళ్ళో కాదు, పక్కన.

తరవాత్తరవాత వాడు ఇంటికి కూడా రాసాగాడు. పిల్లే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. అత్తగారు పలకరించేది, భర్త నాలుగు మాటలు మాట్లాడేవాడు. ఆమె ఏం కావాలని గానీ, ఎందుకొచ్చావని గానీ అడగదు. వాడు గుమ్మం లోపల నిలబడే మేనకోడలితో కబుర్లాడి వెళ్ళిపోతాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోడు. ఆమె ఇంతవరకు కూర్చోమనలేదు.